నాలుగు వందల పోగులు

శేషప్ప మగ్గం కింది గుంతలోకి కాళ్ళు దించి కూర్చుని, తువ్వాలుతో మగ్గం మీది దుమ్ము దులిపి, పోగును అటూ ఇటూ మోసే నాడెలో కొత్త నూలు కండె పెట్టాడు. బడి గంటకు ఇంకా గంటన్నర ఉంది. రోజూ ఈ వేళకే వస్తాడు. కిటికీ తెరుస్తాడు, గది ఊడుస్తాడు, మగ్గం తాళ్ళు లాగి చూసుకుంటాడు. ఇరవై ఏడేళ్ళుగా ఇదే పని. గది ఊడవడం అటెండరు పని కదా అని ఎవరైనా అంటే, నవ్వి ఊరుకునేవాడు.

మగ్గం మీద పదో జంపఖానా ఉంది. ఇంకా జానెడు నేస్తే అయిపోతుంది. ఆ జానెడూ తాను నేయకూడదు, పిల్లలే నేయాలి. అందుకని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పొట్టి మనిషి. ఏళ్ళ తరబడి నాడె తాడు లాగి లాగి కుడి భుజం కిందికి వంగిపోయింది. కనుబొమల్లో ఎప్పుడూ నూలు పీచు ఉంటుంది. చూపుడువేలి మీద పోగు ఒరుసుకున్న గాడి ఒకటి చర్మంలోకి దిగిపోయింది. తొమ్మిదో ఏట నాన్న పక్కన గుంతలోకి దిగిన మనిషి, ఎనిమిదో తరగతి దాకా చదివి, నేత శిక్షణ పాసై, ఎమ్మిగనూరులో బస్టాండుకు అవతలి ఈ హైస్కూల్లో క్రాఫ్టు మాస్టరుగా చేరాడు. చేరిన చోటే ఉండిపోయాడు.

ఆ రోజు 1983 ఫిబ్రవరి ఇరవై ఎనిమిది, సోమవారం. సాయంత్రం ఐదింటికి శేషప్ప ఉద్యోగం అయిపోతుంది. యాభై ఎనిమిదేళ్ళ దాకా ఢోకా లేదనుకున్నవాళ్ళందరికీ ఆ నెలలోనే ఉత్తర్వు వచ్చింది, యాభై ఐదు దాటినవాళ్ళంతా నెలాఖరుకు ఇంటికి పొమ్మని. శేషప్పకు యాభై ఆరు. అద్దెకున్నవాణ్ణి ఖాళీ చేయించాలన్నా నెల గడువిస్తారే! ఇరవై ఏడేళ్ళు పని చేసినవాడికి ఇరవై రోజులు కూడా ఇవ్వలేదు. పైగా క్రాఫ్టు మాస్టరు పోతే ఆ చోట ఇంకొకణ్ణి వేయరట. ఆ సంగతి ఆఫీసులో చాయ్ తాగుతూ, ఎండ ఎక్కువైందన్నట్టు చెప్పారు.

అయినా శేషప్ప తన ఉద్యోగం గురించి దిగులు పడలేదు. అతని దిగులంతా ఈ మగ్గం గురించే. రేపు తాను లేకపోయినా ఇది ఆడాలి. అందుకు కావలసినవన్నీ సిద్ధం చేసుకున్నాడు. కొత్త పడుగు, అంటే నిలువు పోగులు, గంజి పెట్టి, ఆరబెట్టి, కర్రకు చుట్టి మూలన నిలబెట్టాడు. పదో జంపఖానా దిగగానే పాత పడుగు కొసలకు కొత్త పోగులు అతికితే చాలు. నాలుగు వందల పోగులు, నాలుగు వందల ముడులు. అతకడం పిల్లలకు బాగా వచ్చు. ఒక గంటలో చేస్తారు.

మగ్గం సంగతి తెలియనివాళ్ళకు ఇది చెప్పాలి. పడుగులోని ప్రతి పోగూ ముందు, పోగుల్ని పైకీ కిందికీ ఆడించే అల్లులో ఒక కంట్లోంచి, ఆ తర్వాత దువ్వెనలాంటి అచ్చులో ఒక సందులోంచి దూరి రావాలి. అందుకే నేతగాడు ఎంత తొందరలో ఉన్నా గుడ్డ కోసేటప్పుడు అచ్చును ఖాళీ చేయడు. మూరెడు పడుగు వదిలేసి కోస్తాడు. కొత్త పోగుల్ని ఆ మూరెడు కొసలకు అతికి లాగితే అవే దారి వెతుక్కుంటూ వచ్చేస్తాయి. శేషప్ప మగ్గంలో అచ్చు ఖాళీ అయి పన్నెండేళ్ళయింది. ఖాళీ అచ్చులో మొదటి నుంచీ పోగులు ఎక్కించడం పిల్లలకు నేర్పలేదు. ఆ అవసరం రాలేదు.

నేర్పింది వేరే. ‘పని అనుభవం’ అని టైంటేబుల్లో ఒక పీరియడు ఉండేది. మిగతా సార్లకు అది పరీక్ష పేపర్లు దిద్దుకునే పీరియడు. శేషప్ప మొదట్లో అందరిలాగే పిల్లల చేత పూల అంచు టేబుల్ గుడ్డలు నేయించాడు. ఇన్స్పెక్షనుకు వచ్చినవాళ్ళు బాగుందని మెచ్చుకుని సంచిలో వేసుకుని పోయేవాళ్ళు. పోయిన ఏడు విసుగు పుట్టి, తొమ్మిదో తరగతిని మగ్గం దగ్గరికి రానివ్వలేదు.

"ఊర్లోకి పోండి. ఎవురింట్లో ఏమి లేదో సూసి రాండి. ఆ తరవాత కదా ఏమి నేయాలో తెలిసేది," అన్నాడు.

"మా ఇంట్లోనే ఏమీ లేదు సార్, యాడికీ పోయే పని లేదు," అని అయ్యన్న అన్నాడు. క్లాసంతా నవ్వింది. అయ్యన్న నేతగాడి మనవడు. తాత పోయాక వాళ్ళింట్లో మగ్గం మూలన పడింది.

వెళ్ళినవాళ్ళు రెండు సంగతులు చూసొచ్చారు. ఆదోని పత్తి మార్కెట్టులో రైతులు వేలం పిలుపు కోసం రెండేసి రోజులు వట్టి నేల మీద దొర్లుతున్నారు. మన ఊరి హాస్టల్లో ముప్పై మంది పిల్లలు చలికాలం బండల మీద పడుకుంటున్నారు. రెండోది చూసి వచ్చింది హుసేనమ్మ. జిన్నింగు మిల్లులో కూలి చేసే తల్లికి ఒక్కతే కూతురు. జ్వరమొచ్చిన స్నేహితురాలికి గంజి ఇవ్వడానికి హాస్టలుకు వెళ్ళి, ఆ పిల్ల వీపు కింద చెయ్యి పెట్టి చూసిందట.

"ఐసు ముట్టినట్టుండాది సార్," అంది.

పిల్లల సంఘం అట్లా పుట్టింది. ఆదోని మిల్లుల్లో కండెల అడుగున మిగిలిపోయే తుక్కు నూలును శేషప్ప ఆదివారం ఆదివారం బస్సు మీద గోనెలో తెచ్చేవాడు. పిల్లలు దాన్ని పేని జంపఖానాలు నేసేవాళ్ళు. పత్తి రోజుల్లో మార్కెట్టుకు తీసుకుపోయి రైతులకు అమ్మేవాళ్ళు. ఎంతకు అమ్మాలి, ఎవరికి అరువివ్వకూడదు, ఎవరికి ఊరికే ఇవ్వాలి అన్నీ వాళ్ళే కూర్చుని పోట్లాడుకుని తేల్చుకునేవాళ్ళు. శేషప్ప ఆ పోట్లాటల్లో నోరు పెట్టేవాడు కాదు. ఆ సంపాదనతో ఈ ఏడు హాస్టలుకు ఊరికే ఇవ్వడానికి పది నేయాలనుకున్నారు. ఒక్కోదాని మీద ముగ్గురు పడుకోవచ్చు. సారు బడిలో ఉన్నప్పుడే ఇవ్వాలని, ఈ సాయంత్రం తెస్తామని హాస్టలు పిల్లలకు మాట ఇచ్చి వచ్చారు. హుసేనమ్మ ఇప్పుడు పదో తరగతి, సంఘానికి అధ్యక్షురాలు.

పదకొండు గంటలకు ఆఫీసుకు రమ్మని శేషప్పకు కబురొచ్చింది. హెడ్మాస్టరు శ్రీపాదరావు కూడా ఆ రోజే దిగిపోతున్నాడు. ఆయనకు యాభై ఏడు. రేపటి నుంచి లెక్కల మాస్టరు మధుసూదనరావు ఇన్‌చార్జి. గుమాస్తా ముందు బెంచీ మీద శేషప్పను గంటసేపు కూర్చోబెట్టి, ఏవో కాయితాల మీద పదకొండు సంతకాలు పెట్టించుకున్నారు. బెంచీ మీద ఎందుకంటారేమో, కుర్చీలు టీచర్లకట. ఈ ఇరవై ఏడేళ్ళలో స్టాఫ్ రూములో అతనికంటూ ఒక కుర్చీ పడలేదు.

తిరిగి వచ్చి చూస్తే మగ్గం బోసిగా ఉంది.

గోడవారన మడిచి పెట్టిన తొమ్మిది జంపఖానాలు లేవు. పదోదీ లేదు. అటెండరు మాదన్న చేతిలో బ్లేడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పిల్లలు గోడకు అంటుకుపోయి ఉన్నారు. శేషప్ప వంగి అచ్చులోకి చూశాడు. ఒక్క పోగు లేదు. సందులన్నీ వెలుతురు కనిపించేంత ఖాళీ.

"హెడ్మాష్టరు సారు తెమ్మన్నాడు అయ్యోరా, స్టేజి మీద పరిచేదానికి," అన్నాడు మాదన్న. "కొసన కుచ్చులు యేలాడితే బాగుంటాదన్నాడు. అందుకే యెనక నుంచి కోసి ముందరికి లాగినా. దారాలన్నీ సులువుగానే వచ్చేసినాయి."

సులువుగా! మాదన్నను ఏమనాలి? అతడికి గుడ్డ అంటే గుడ్డే. నాలుగు వందల పోగులూ అల్లు దాటి, అచ్చు దాటి, గుడ్డ కొసన కుచ్చులై వేలాడుతూ పోయాయి. పన్నెండేళ్ళుగా ఒకదాని కొసకు ఒకటి అతుక్కుంటూ వచ్చిన వరస ఒక్క బ్లేడు కోతతో పోయింది.

"మేము వద్దన్నాము సార్," అంది హుసేనమ్మ. "నేయనీకుండ లేపేసినాడు. కడాకు జానెడు మిగిలేపోయింది."

ఇరవై ఏడేళ్ళలో మొదటిసారి శేషప్ప పిలవకుండా హెడ్మాస్టరు గదిలోకి పోయాడు.

"సార్, అవి హాస్టలు పిల్లలవి."

"ఎవరు కాదన్నారప్పా శేషప్పా?" శ్రీపాదరావు కొత్త కండువా మడతలు సరి చూసుకుంటున్నాడు. "మీటింగైనాక తీస్కపో. జిల్లా నుంచి పెద్దలొస్తాన్నారు. స్టేజి మీద వట్టి బండలు కనపడితే ఏం బాగుంటుంది, చెప్పు?"

"మగ్గం ఖాళీ అయిపోయింది సార్. అచ్చులో పోగులు..."

"దారం తెగితే మళ్ళా కట్టుకోరా మీరు? అదేగా మీ పని?"

మధుసూదనరావు పక్కనే ఉన్నాడు. ఆయన మాట మెత్తగా ఉంటుంది. "దానికింత బాధ పడేది ఏముందప్పా? రేపటి నుంచి ఆ గదికి తాళమే కదా. పబ్లిక్ పరీక్షల సామాను పెట్టాల. క్రాఫ్టు పోస్టే లేనప్పుడు మగ్గం ఎవరి కోసం?" అన్నాడు.

శేషప్ప ఒళ్ళు భగ్గుమంది. ఎవరి కోసమని అడుగుతున్నాడు! నలభై మంది పిల్లలు కళ్ళ ముందు తిరుగుతుంటే ఎవరి కోసమని! అరవాలనిపించింది. అరవడం చేతకాదు. ఎప్పుడైనా అరిచి ఉంటే కదా, చేతనవడానికి? గదికి తిరిగి వచ్చాడు.

పిల్లలతో అన్నీ ఉన్నదున్నట్టు చెప్పాడు. గది మూసేస్తారని కూడా చెప్పాడు. చెప్పి చొక్కా విప్పి మేకుకు తగిలించి, బనీనుతో గుంతలోకి దిగాడు.

"పోగెక్కిచ్చేది మీకు నేర్పలేదు. ఈ పొద్దు నేర్సుకోండి. సాయంత్రానికి అయిపోవాల."

"గది మూసేస్తారంటివి కద సార్, నేర్సుకోని ఏం సేయాల?" అన్నాడు అయ్యన్న.

"మూస్తే మూయనీ. పని ముందర పెట్టుకోని ఊరికే కూకుంటామా?"

కొత్త పడుగు కర్ర వెనక కట్టారు. అయ్యన్న వెనక కూర్చుని పోగు అందించాలి. ముందున్న మనిషి అల్లు కంట్లోంచి కొక్కెం దూర్చి ఆ పోగు అందుకోవాలి, అచ్చు సందులోంచి ఇవతలికి లాగాలి. ఒకటి పై అల్లు, ఒకటి కింది అల్లు. ఒక్కటి తప్పితే ఆ తర్వాతవన్నీ తప్పే. మొదటి యాభై శేషప్ప ఎక్కించాడు. తర్వాత హుసేనమ్మ చేతికి కొక్కెం ఇచ్చాడు. డెబ్బై రెండో పోగు దగ్గర ఆ పిల్ల తప్పింది. తప్పిన సంగతి తొంభైలో తెలిసింది. పద్దెనిమిది పోగులు వెనక్కి లాగేశారు.

"ఏడ్సొద్దు. నేను నేర్సుకునేటప్పుడు మా నాయన మూడుసార్లు విప్పిచ్చినాడు," అన్నాడు శేషప్ప.

మధ్యాహ్నం అన్నానికి ఎవరూ లేవలేదు. రెండున్నరకు గది గోడ మీద కట్టిన లౌడుస్పీకరు గరగరమంది. మీటింగు మొదలైంది. దిగిపోతున్న ముగ్గురూ స్టేజి మీదికి రావాలని పిలిచారు. శేషప్ప రెండు వందల పన్నెండో పోగు లాగుతున్నాడు, తల ఎత్తలేదు. మళ్ళీ ఎవరూ పిలవలేదు. మాట్లాడిన ప్రతివాడూ శ్రీపాదరావును ఆకాశానికెత్తాడు. మూడోవాడైన తెలుగు పండితుణ్ణి ఒకరు పొగిడారు. ‘క్రాఫ్టు మాస్టరు కూడా’ అని మధ్యలో ఒకసారి వినబడింది.

ఆఖరున శ్రీపాదరావు లేచాడు. "ముప్పై ఒక్క ఏళ్ళు సేవ చేసినవాణ్ణి, ఇరవై రోజుల్లో కత్తిరించి పారేస్తారా? ఇంతకాలం కష్టపడి కట్టినదంతా ఏమవుతుందో ఒక్కసారైనా ఆలోచించినారా? వెనక ఏముందో చూడకుండా కోసేయడమేనా?" అని అడిగాడు. మైదానంలో చప్పట్లు కొట్టారు. శేషప్ప చేతిలో కొక్కెం ఆగిపోయింది. ఆయన బాధ అబద్ధం కాదు. అదే అన్నిటికన్నా మంట పుట్టించింది. తన మీద పడ్డ కోత అంత బాగా తెలిసిన మనిషికి, పొద్దున తాను కోయించింది చీమ కుట్టినట్టయినా లేదే!

అప్పుడు చూస్తే హుసేనమ్మ పక్కన లేదు, ఇంకొందరు ఆడపిల్లలూ లేరు.

లౌడుస్పీకరులో చప్పట్లు సద్దుమణిగాయి. ఏదో గందరగోళం, ఎవరో ‘ఏయ్ పాపా’ అన్నారు. ఆపైన సన్నని గొంతు, మైకుకు బాగా దగ్గరగా వినబడింది.

"సార్, అందరూ రోంత కాళ్ళు ఎత్తండి."

గదిలో పిల్లలు చేతిలో పని వదిలేశారు.

"ఇవి మా సంఘం జంపఖానాలు సార్. హాస్టలు పిల్లోళ్ళవి. ఈ పొద్దు ఇస్తామని సెప్పినాము. మీరు సెప్పులేసుకోని తొక్కుతాండారు."

"ఎవరు నేర్పినారు నీకు ఈ మాటలు?" శ్రీపాదరావు గొంతు. "ఆ శేషప్పేనా?"

"సార్ ఏమీ నేర్పలేదు సార్. ఎవురికి ఏమి లేదో సూడమన్నాడు, అంతే. సూసినాము. మీకు కుర్చీలుండాయి సార్. వాళ్ళకు వట్టి బండలే ఉండాయి."

ఆ తర్వాత కుర్చీలు జరిగిన చప్పుడు, ఒకటి తర్వాత ఒకటి, మైకులో స్పష్టంగా వినబడింది. జిల్లా నుంచి వచ్చిన పెద్దమనిషి కాళ్ళు ఎత్తాడని, శ్రీపాదరావు మాత్రం చివరి దాకా ఎత్తలేదని, ఆయన కింది దాన్ని నలుగురు ఆడపిల్లలు కుర్చీతో సహా జరిపి లాక్కున్నారని పిల్లలు తర్వాత విరగబడి నవ్వుతూ చెప్పారు. ఆ క్షణాన శేషప్పకు నవ్వు రాలేదు. మొహం తువ్వాలులో దాచుకుని గుంతలో అట్లాగే కూర్చున్నాడు.

హుసేనమ్మ వచ్చింది. వెనక ఆడపిల్లలు పది జంపఖానాలు నెత్తిన పెట్టుకుని వచ్చారు. కొక్కెం అందుకుని, "యాడ దాకా వచ్చినారు సార్?" అని అడిగింది.

"మున్నూట ముప్పై."

నాలుగు వందలవ పోగు అచ్చు దాటేసరికి నాలుగున్నర దాటింది. శేషప్ప పోగులన్నీ గుప్పెట్లో పట్టి లాగి, ముడి వేశాడు. కాలి కింది తొక్కుడు పలక తొక్కి చూశాడు. పడుగు రెండు పాయలై శుభ్రంగా విచ్చుకుంది. ఒక్క తప్పు లేదు. ఇంకో పావుగంటలో ఈ గదికి తాళం పడుతుంది.

హుసేనమ్మ అచ్చు మీద వేళ్ళు ఆనించింది. "సార్, ఇది ఇట్లనే తీసి ఇంకో మగ్గానికి కడితే పడుతుందా?"

శేషప్ప ఆ పిల్ల మొహంలోకి చూశాడు. పడుతుంది. అచ్చు, అల్లు, పడుగు కర్ర మూడూ పోగులు చెదరకుండా చుట్టేసి ఏ మగ్గానికైనా కట్టవచ్చు, ఏ నేతగాణ్ణి అడిగినా చెబుతాడు. కానీ అచ్చూ అల్లూ సర్కారు సామాను. జాబితాలో రాసి ఉంది. ఈ గదిలోంచి ఇరవై ఏడేళ్ళలో ఒక గుండుసూది ఇంటికి తీసుకుపోయిన మనిషి కాదు.

"మా తాత మగ్గం గుంత అట్లనే ఉండాది సార్," అన్నాడు అయ్యన్న మెల్లగా.

"పడుతుంది," అన్నాడు శేషప్ప.

తానే తాళ్ళు విప్పాడు. మూడింటినీ కలిపి, కుచ్చులు వేలాడే ఆ పదో జంపఖానాలో చుట్టి అయ్యన్న భుజాన పెట్టాడు. "వాళ్ళకు జంపఖానాలిచ్చి, దీన్ని మీ ఇంటికి తీస్కపోండి. కట్టినాక ఈ పదోదీ హాస్టలుకు పంపియ్యండి. పొండి, నిలబడొద్దు," అన్నాడు.

ఐదింటికి మధుసూదనరావు జాబితా పట్టుకుని వచ్చాడు. మొహం కందిపోయి ఉంది. మీటింగు సంగతి ఎత్తలేదు. "మగ్గం ఒకటి. రాట్నాలు రెండు. నాడెలు నాలుగు. అచ్చు, అల్లు... యాడప్పా?"

"విరిగిపోయినాయి సార్. పారేసినాను."

"ఎప్పుడు?"

"ఈ పొద్దే. నా పేరున రాసుకోండి."

అతను జీవితంలో చెప్పిన మొదటి అబద్ధం అది. మధుసూదనరావు అతని మొహం వంక చూసి రాసుకున్నాడు. శేషప్ప సంతకం పెట్టాడు. మేకు మీది చొక్కా తొడుక్కుని, బొత్తాలు పెట్టుకుని, గుమ్మం దిగాడు. వెనకాల కొత్త తాళం పడిన చప్పుడు విని కూడా తిరిగి చూడలేదు.

గేటు దగ్గర మాదన్న పరిగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో విస్తరాకు పొట్లం ఉంది. "అయ్యోరా, నీ పేరున తెచ్చిన దండ. స్టేజి మీదికి మళ్ళా ఎవురూ పిలవకపాయిరి. తీసుకో."

"నాకెందుకప్పా?"

"నా చేత్తోనే కోసినా. నాకు తెల్లేదు అయ్యోరా," అన్నాడు మాదన్న. కళ్ళు తుడుచుకున్నాడు.

"నీకేం తెలుస్తాదిలే. తెలిసినోళ్ళే ఊరికే ఉండిరి." శేషప్ప అతని భుజం మీద చెయ్యి వేసి తీసేశాడు. "మగ్గానికెయ్ దాన్ని. ఇన్నేండ్లు కూడు పెట్టింది."

నేతగాళ్ళ వీధిలోంచే ఇంటికి పోవాలి. అయ్యన్న వాళ్ళ గుమ్మంలో జనం మూగి ఉన్నారు. లోపల అచ్చు ఎంత ఎత్తున కట్టాలని పిల్లలు పోట్లాడుకుంటున్నారు. హుసేనమ్మ గొంతు అందరికన్నా పైన వినబడుతోంది. వాళ్ళు తప్పు ఎత్తున కడుతున్నారని మాటల్లోనే తెలిసిపోయింది. శేషప్ప ఒక అడుగు గుమ్మం వైపు వేసి, ఆగి, మళ్ళీ దారిన పడ్డాడు. తప్పితే విప్పి కట్టుకుంటారు.

మర్నాడు పొద్దున బడి తెరిచేవేళకు క్రాఫ్టు గది తలుపు మూసి ఉంది. లోపలికి పోయే దారి లేక మాదన్న దండను ఆ కొత్త తాళానికే వేసి పోయినట్టున్నాడు. రాత్రంతా వాడిన చేమంతి రేకులు గడప మీద రాలి ఉన్నాయి, దారం మాత్రం తాళానికి వేలాడుతూ ఉంది.